కేసెట్ తనే వేసుకుని వినే ఫోన్

భిలాయిలో నా చెయ్యి పడని ఫోన్ లేదు. ఒకసారి ఉక్కు ప్లాంటులో చాలా పెద్ద ఆఫీసరు ఫోన్ కరిగిన ఇనుము పక్కన పడింది. పెనం మీద మాడిన అట్టులా అయిపోయిన దాన్ని పళ్ళెంలో పెట్టుకుని నా బల్ల దగ్గరికి తెచ్చారు. సాయంత్రానికల్లా ఆ ఫోన్‌తోనే ఆయన వాళ్ళావిడని కూరేం చేశావని అడిగాడు.

ఈ కథ నేను ఏళ్ళ తరబడి చెబుతున్నాను. కొట్టు మా మేనకోడలికి అప్పగించి ఇంట్లో కూర్చున్నాను కనక, ఇప్పుడు నిజం చెప్పినా నాకు పోయేదేం లేదు. ఆయన ఆఫీసరు కాదు, క్యాంటీన్ సూపర్‌వైజరు. ఫోన్ పడింది ఇనుము పక్కన కాదు, సాంబారులో. అది బతకడానికి సాయంత్రం కాదు, వారం పట్టింది. అదీ స్పీకరు లేకుండా. కూర సంగతి అడిగాడన్నది మాత్రం నిజం. జవాబు వినపడక నన్ను తిట్టాడు.

నాకు పెంచి చెప్పే అలవాటుంది. చెప్పిన కాసేపటికే ఒప్పేసుకునే అలవాటూ ఉంది. ఫోన్లు బాగుచేసే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఇది చదువుతారని మా మేనకోడలు రాయమంది. సోల్డరింగ్ ఎలా చెయ్యాలో నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. అది రాయను. చేతిలోకి వచ్చిన ఇంకొకరి ఫోన్‌ని ఎలా పట్టుకోవాలో రాస్తాను.

మన కేసెట్ వెయ్యి

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ప్లాంటులో ఖలాసీ పనికి వచ్చినవాడు. నన్ను ప్లాంటు తీసుకోలేదు. అందుకని భిలాయిలోనే పవర్ హౌస్ అనే పేట బజారులో రహీం ఉస్తాద్ దగ్గర చేరాను. ఆయనది రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసే కొట్టు.

అప్పట్లో మనవాళ్ళు ఊరికి ఉత్తరం రాయడం బద్ధకమై కేసెట్‌లో మాట్లాడి, ఊరెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. జవాబు కూడా కేసెట్‌లోనే వచ్చేది. టేప్‌రికార్డరు పాడైతే ఆ కేసెట్ లోపల ఉండగానే తెచ్చి మా బల్ల మీద పెట్టేవారు. ఒకసారి నేను మోటారు బాగుచేసి, పని చేస్తోందా లేదా అని బొత్తాం నొక్కాను. ఒకావిడ గొంతు, అచ్చంగా మన యాస. మొగుడికి వాళ్ళమ్మ మీద చాడీలు చెబుతోంది. ఎంత కమ్మగా చెబుతోందంటే నేను స్క్రూడ్రైవరు పక్కన పెట్టి చెంపకి చెయ్యి ఆనించుకుని వింటున్నాను. ఉస్తాద్ వెనక నుంచి వచ్చి చెవి పట్టుకున్నాడు.

“ఉస్‌కా కేసెట్ నికాల్. అప్‌నా డాల్.”

వాళ్ళ కేసెట్ తియ్, మన కేసెట్ వెయ్ అని. మా కొట్టుకి ఒక కేసెట్ ఉండేది. అందులో ఉస్తాద్ తన గొంతుతో అంకెలు లెక్కపెట్టి, చివర్లో దగ్గుతాడు. ఆ దగ్గు స్పష్టంగా వినిపిస్తే టేప్‌రికార్డరు బాగైనట్టు. ఊళ్ళో ప్రతి రేడియో కొట్టులోనూ సినిమా పాటలు మోగేవి, మా కొట్టులో మాత్రం ఆయన దగ్గే.

ఉస్తాద్‌కి తెలుగు రాదు. ఆ చాడీల్లో ఒక్క ముక్క ఆయనకి అర్థం కాదు. అయినా తీసెయ్యమన్నాడు. ఆ సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత గుర్తొచ్చి ఆశ్చర్యపోయాను.

ఫోన్లు వచ్చాక నేను ఆ కేసెట్ పద్ధతిని కొంచెం మార్చుకున్నాను. కెమెరా బాగుచేస్తే మా కొట్టు ఫ్యాన్‌ని ఫొటో తీసి, చూసి, చెరిపేస్తాను. గ్యాలరీ తెరవను. స్పీకరు బాగుచేస్తే మా కొట్టు నంబరుకే కాల్ చేస్తాను. లాక్ గీత కాగితం మీద గీసి ఫోన్ వెనక అతికించి ఇచ్చిపోయే జనం మనవాళ్ళు. పెట్టె తాళం పెట్టెకే కట్టి వెళ్ళిపోయినట్టు. అలాంటివాళ్ళ ఫోన్‌లో ఫ్యాన్ తప్ప ఇంకేదీ చూడకూడదు.

ఎప్పుడూ చూడలేదా అంటే... లేదని చాలామందికి చెప్పాను. మీకు అలా చెప్పను.

రోలింగ్ మిల్లుని వేలితో జరపడం

ఇప్పుడు వచ్చిన ఫోన్ల గురించి. వీటిని చూసి మూతి విరిచే ముసలాళ్ళ జట్టులో నేను లేను. నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ప్లాంటులో క్రేన్ నడిపే ఒకాయన తను పనిచేసే చోట వీడియో తీశాడు. పక్కనున్న మిల్లు రొదలో ఆయన మాట ఒక్కటీ వినపడదు. మా మేనకోడలు ఫోన్‌లో ఏదో గీత మీద వేలు పెట్టి పక్కకి లాగింది. రొద పోయింది. నిశ్శబ్దంలో ఆ మనిషి గొంతొక్కటే, పక్కింటి వసారాలో కూర్చుని మాట్లాడుతున్నట్టు. మా నాన్న తరం చెవులు పాడుచేసిన చప్పుడది. దాన్ని ఒక్క వేలితో పక్కకి జరిపేసింది. నేను బయటికెళ్ళి కాసేపు రోడ్డు మీద నిలబడి వచ్చాను.

ఇంకొకటి మన మాట. మన ఇళ్ళల్లో మాట్లాడేది ఏ బళ్ళోనూ చెప్పరు. సగం శ్రీకాకుళం, పావు హిందీ, మిగతాది ప్లాంటు ఇంగ్లీషు, మధ్యలో ఛత్తీస్‌గఢీ విరుపు. మా మనవలకే అర్థం కాదు, హిందీలో చెప్పు తాతా అంటారు. ఈ యంత్రానికి అర్థమవుతుంది. రెండు నిమిషాల్లో చక్కటి తెలుగులో సారాంశం రాసి చేతిలో పెడుతుంది. ఇది మొదటిసారి చూసినప్పుడు ఉస్తాద్ ఉంటే బాగుండుననిపించింది. ఆయనైతే ఏమంటాడో కూడా తెలుసు.

ఇంతకుముందు వాళ్ళ కేసెట్ మనం వెయ్యకుండా ఉంటే సరిపోయేది. ఇప్పుడు ఫోన్ తనే వేసుకుని వింటోంది.

ఆవుకి నెలజీతం

ఖరీదు సంగతి సూటిగా చెబుతాను. ఈ కొత్త తెలివితేటలున్న ఫోన్ ఒకటి కొనే డబ్బుతో మంచి సెకండ్ హ్యాండ్ స్కూటీ వస్తుంది. వచ్చినవాళ్ళలో సగం మందికి స్కూటీయే అవసరం. ఈ మాట అమ్మే రోజుల్లో నేను అనలేదు.

ఫోన్ ధరతో అయిపోదు. కొన్ని పనులు మొదటి కొన్ని నెలలు ఉచితం అంటారు. ఆ నెలలు ఎప్పుడు అయిపోయాయో చెప్పడానికి ఎవరూ మీ ఇంటి తలుపు కొట్టరు. పక్కనున్న కుమ్హారి ఊరి నుంచి ఒక పాల వ్యాపారి వచ్చాడు. నెలనెలా బ్యాంకులోంచి డబ్బు పోతోంది, ఎవడో దొంగ తగులుకున్నాడన్నాడు. తీరా చూస్తే దొంగ లేడు. కూతురి పెళ్ళి ఫొటోలో వెనక ఒక ఆవు అడ్డొచ్చింది. దాన్ని మాయం చెయ్యడానికి ఏదో యాప్‌లో ‘సరే’ నొక్కాడు. ఆవు ఒక్కసారే పోయింది, డబ్బు ప్రతి నెలా పోతోంది. “నా కొట్టంలో ఆవులకి కూడా ఇంత దాణా ఖర్చు లేదు భయ్యా,” అన్నాడు.

ఈ పనుల్లో కొన్ని ఫోన్ లోపలే జరుగుతాయి. కొన్ని మన మాటనీ ఫొటోనీ ఎక్కడో దూరాన ఉన్న పెద్ద యంత్రానికి పంపి, అక్కడి నుంచి జవాబు తెస్తాయి. ఏది ఎటో డబ్బా మీద రాసిందాన్ని బట్టి చెప్పలేం. నా పద్ధతి ఇది. కొన్నవాడి ఎదురుగా ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆపి, ఒక్కో పనీ చెయ్యమంటాను. అప్పటికీ చేసిందంటే ఇంట్లో పని. తెర మీద చక్రం ఊరికే తిరుగుతూ ఉండిపోయిందంటే ఊరవతలికి వెళ్ళొచ్చే పని. ఊరవతలికి వెళ్ళేది చెడ్డదని కాదు. మన మాట గడప దాటుతోందని మనిషికి తెలియాలి. ఈ పద్ధతి నేనే కనిపెట్టానని బజారంతా చెప్పాను. మా మేనకోడలు కనిపెట్టింది.

సింహాచలం బావ నవ్వు

ఇప్పుడు అసలు సంగతి. పేర్లు మార్చాను. వాళ్ళిద్దరూ చదివి సరేనన్నాకే ఇది రాస్తున్నాను.

సింహాచలం ప్లాంటులో ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. మాకు చుట్టరికం లేదు. ఒకే వైపు నుంచి వచ్చినవాళ్ళం కనక ఆయన నాకు బావ, ఆయన భార్య రమణమ్మ నాకు అక్క. ఆమె ప్లాంటు క్వార్టర్లుండే సెక్టారు బళ్ళో ఎంతోమంది పిల్లలకి లెక్కలు చెప్పింది. బావ గుండెకి స్టెంట్ వేశారు. అప్పటి నుంచి ఆయనకి కరెంటు బిల్లు ఎక్కువొచ్చినా అక్క మెల్లిగా, రెండు విడతల్లో చెబుతుంది.

వాళ్ళిద్దరికీ కొత్త ఫోన్లు మా కొట్టులోనే కొన్నారు. రెంటికీ ఒకే అకౌంట్ పెట్టమన్నాడు బావ. “రెండోదెందుకురా? ఒకిల్లు, ఒక గ్యాసు, ఒక అకౌంటు.” భిలాయిలో మన ఇళ్ళల్లో ఇదే ఆచారం. ఓటీపీ ఇంటి పెద్ద నంబరుకి వస్తుంది, అందరి ఫోన్లూ ఆయన అకౌంట్ మీదే నడుస్తాయి. ఫోన్ మొదటిసారి తెరిచినప్పుడు అది వరసగా అడుగుతుంది కదా, మీ మాటలు వినొచ్చా, కాల్స్ సారాంశం రాయొచ్చా అని. కొట్టులో గిరాకీ తొందరలో ఉంటుంది, మనం అంతకంటే తొందరలో ఉంటాం. టకటకా ‘అనుమతించు’ నొక్కేస్తాం. రమణమ్మక్క ఫోన్‌లో అలా నొక్కిన వేలు ఎవరిదో అడగకండి.

ఒకరోజు పొద్దున్న బావ కొట్టుకి నవ్వుతూ వచ్చాడు.

“అప్పారావూ! నీ ఫోన్‌కి పిచ్చెక్కిందిరా బాబూ!”

“డబ్బిచ్చి కొన్నావు కదా బావా. ఫోనూ నీదే, పిచ్చీ నీదే.”

“ఎకసెక్కాలొగ్గీ. మోకాలు డాక్టరు మొన్నేటన్నాడో మర్సిపోయి దీన్నడిగాను. ఏటంటందో విను.” బొత్తాం నొక్కి మళ్ళీ అడిగాడు. “డాక్టరేటన్నాడు?”

ఫోన్ రేడియో వార్తల గొంతుతో చెప్పింది. “డాక్టరు చెప్పిన ముఖ్యాంశాలు ఇవి. ఎడమ రొమ్ములో చిన్న గడ్డ ఉంది. ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చే వారం తెలుస్తుంది. గుండె జబ్బు ఉన్నందున, ఫలితం వచ్చేవరకు ఆయనకు ఈ విషయం చెప్పకూడదని మీరు నిర్ణయించుకున్నారు. ఇంకేమైనా సహాయం కావాలా?”

“సూసావేటి!” బావ బల్ల చరిచాడు. “మోకాలడిగితే రొమ్మంటది! నాకు రొమ్మేటిరా? ఆ ‘ఆయన’ ఎవుడ్రా?”

చార్జింగ్ పిన్ను కోసం నిలబడ్డ ఆటో అతను “బధాయీ హో కాకా!” అని అభినందించాడు. కొట్టంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నేను నవ్వాను. ఒక్క క్షణంలో సంగతంతా గ్రహించేశానని ఇక్కడ రాద్దామనుకున్నాను. గ్రహించలేదు. కళ్ళు తుడుచుకుంటూ, ఈ జవాబు ఎక్కడి నుంచి తెచ్చిందో చూద్దామని నొక్కాను. ఒక ఫోన్ కాల్ సారాంశం తెరుచుకుంది. పైన చిన్న అక్షరాల్లో ఉంది. రమణమ్మ ఫోన్. బొబ్బిలిలో ఉన్న చెల్లెలితో మాట్లాడిన కాల్.

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. అరచేత్తో తెర మూసేశాను.

“బావా, ఇది సాయంత్రం దాకా ఉంచు. లోపల ఏదో కలిసిపోయినట్టుంది.”

“ఉంచు, ఉంచు. తొందరేటి లేదు.”

తెర మీద గ్లాసు అతికించడానికి కూడా ఫోన్ చేతిలోంచి వదలని మనిషి. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

“ఇంకొక్కటి ఆడు”

రమణమ్మక్కకి ఫోన్ చేశాను. ఆమె బజారులోనే ఉంది, కూరల సంచీతో వచ్చింది.

“ఏటి తమ్ముడూ, నా పాత చార్జరు దొరికిందేటి?”

ఆమెని లోపలికి పిలిచి చెప్పాను. సంచీ కింద పెట్టి స్టూలు మీద కూర్చుంది. ఏడవలేదు. ముందు అడిగిందొకటే.

“నవ్వాడా?”

“పడీపడీ నవ్వాడక్కా.”

“అయితే తెలీలేదు.” ఊపిరి వదిలింది. తర్వాత అనుమానంగా చూసింది. “చెల్లితో మాటాడిందంతా మన మాటలోనే కదా. సగం హిందీ కలిపేసాను. పక్కనున్న ఆసుపత్రి నర్సమ్మకే అర్థం కాలేదు. ఈ దెయ్యానికెలగ తెలిసిపోయింది?”

“అదే కదక్కా అద్భుతం!”

“నీ అద్భుతం తగలెయ్య.”

రాయపూర్ ఆసుపత్రికి ఆమె ఒక్కతే లోకల్ రైల్లో వెళ్ళింది. ముక్క తీయించుకుని, ఒక్కతే వచ్చి, ఆ సాయంత్రం చేపల కూర వండింది. చెయ్యి నొప్పిగా ఉందేటని బావ అడిగితే, బళ్ళో పిల్లల్లాగ గోడకేసి కొట్టుకున్నానందట. ఇదంతా చెబుతున్నప్పుడు ఆమె గొంతులో గొప్ప లేదు.

“తమ్ముడూ, నీకు మాటలొచ్చిన కాడ్నుంచి అబద్ధాలే కదా ఆడతన్నావు. నాకోసం ఇంకొక్కటి ఆడు. ఫలితం వచ్చేదాకానే. ముందే తెలిస్తే ఆ మనిషి గుండె ఏటవుతుందో నీకు తెలుసు. వచ్చాక, మంచైనా చెడైనా, నేనే కూర్చోబెట్టి చెప్తాను.”

ఆడతానన్నాను. అబద్ధం ఆడమని ఇంత గౌరవంగా నన్ను ఎవరూ అడగలేదు.

మేఘం కథ

సాయంత్రం బావ వచ్చేసరికి కొట్టులో ఎవరూ లేరు. ఆయన్ని బల్ల లోపలికి పిలిచి, నేను పని చేసుకునే ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి మొదలుపెట్టాను.

“బావా, మన మాటలన్నీ క్లౌడ్‌లో ఉంటాయి. క్లౌడంటే మేఘం. మొన్న కుమ్హారి దగ్గర ఉరిమింది చూశావా? ఆ ఉరుముకి నాగపూర్‌లో ఎవరో ఆవిడ మాటలు, నీ మాటలు కలిసిపోయాయి. హథ్‌ఖోజ్‌లో ఒక ఫ్యాక్టరీ ఆయనకైతే ఇంకా ఘోరం. వేరే ఆయన పెళ్ళి సంబంధాలన్నీ ఈయన ఫోన్‌కి వచ్చేశాయి. వాళ్ళావిడ ఊరుకుంటుందా...”

కథ పొడిగించి ఫ్యాక్టరీ ఆయన మామగారి దాకా వెళ్ళాను. బావ కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో నెమ్మదిగా తుడిచాడు.

“అయిందేటి?”

“అయింది.”

“బాగా సెప్పావు. ఇప్పుడు నా మాటిను. అవి మీ అక్క బొబ్బిలి సెల్లితో ఆడిన మాటలు. ‘ఆయనకి సెప్పకూడదు’ అనీ మనిషి నా బతుకులో ఒకర్తే ఉందిరా. నాకు మొన్ననే తెలిసిపోయింది.”

“మరి పొద్దున్న ఆ నవ్వేటి బావా?”

“ఏడుస్తా వస్తే నువ్వు దానికి ఫోన్ చేసెయ్యవేటి?”

నేను ఫ్యాన్ వైపు చూశాను.

“చేసేసావేటి?”

“చేసేశాను.”

“దరిద్రుడా.” కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. “నాను నవ్వినట్టు సెప్పావు కదా? నమ్మిందా?”

“నమ్మింది.”

“అయితే సాలు. ఫలితం దాని నోటితోనే సెప్పాల. అప్పుడే తెలిసినట్టు కూకుని వింటాను. నా గుండె కోసం అది ఇన్నాళ్ళు మోసింది, ఆ మాత్రం నాను మొయ్యలేనా? ఒకటే భయం, అందుకే నీ కాడికొచ్చాను. రాత్రిళ్ళు నిద్దరట్టక దీన్ని ఏటేటో అడిగీసాను. అకౌంటొకటే కదా, అవి దాని ఫోన్‌లోకెళ్ళిపోతాయేటో. బేగి తుడిచెయ్ బాబూ.”

ఒకే గోడకి ఇటు ఆమె కన్నం కనపడకుండా మూస్తోంది, అటు ఈయన మూస్తున్నాడు. మధ్యలో తాపీతో నేను. ఫోన్ అందుకున్నాను.

రోడ్డు మీద నుంచి రమణమ్మక్క గొంతు. బల్ల వెనక పీట మీద ఉన్న బావ ఆమెకి కనపడలేదు.

“తమ్ముడూ, చెప్పావా ఆ మనిషికి? నా ఫోన్ కూడా ఏటో వాగుతోంది, చూడు. పొద్దున్నకి అలారం పెట్టవే అంటే...”

“అక్కా, ఆగు...”

ఆగలేదు. బొత్తాం నొక్కేసింది. రేడియో వార్తల గొంతు మా ముగ్గురికీ వినపడేలా చెప్పింది.

“మనం ఇంతకు ముందు మాట్లాడుకున్న విషయం కొనసాగించమంటారా? భార్యకు అనుమానం రాకుండా వంట నేర్చుకోవడం ఎలా అని మీరు అడిగారు. మెత్తని అన్నం, పెసరపప్పు కట్టుతో మొదలుపెట్టవచ్చు. ఆపరేషన్ తర్వాత కొంతకాలం ఆమె ఎడమ చేయి పైకి ఎత్తలేకపోవచ్చు కనుక, నీళ్ళు పట్టడం, బట్టలు ఆరవేయడం కూడా మీరు చూసుకోవలసి ఉంటుంది. జడ వేయడం గురించి కూడా మీరు అడిగారు. ముందుగా జుట్టును మూడు పాయలుగా...”

అక్క బొత్తాం నొక్కి ఫోన్ ఆపేసింది. బావ పీట మీద నుంచి లేచాడు. దొంగతనంలో దొరికిపోయినవాడిలా, బల్ల వెనక నుంచి ముందు బట్టతల, తర్వాత కళ్ళద్దాలు.

ఆమె ఆయన్ని చూసింది.

“జడా?” అంది.

“సెయ్యెత్తకూడదంట కదా.”

“గ్లాసుడు నీళ్ళు ముంచుకు తాగవు. లుంగీ ముడి తిన్నగా రాదు. నువ్వు నాకు జడేస్తావా?”

“మూడు పాయలేనంట,” అన్నాడు బావ. మూడు వేళ్ళు చూపించాడు.

ఆమె బల్ల మీద చెయ్యి పెట్టింది. ఆయన ఆ చేతి మీద చెయ్యి పెట్టాడు. పవర్ హౌస్ బజారులో, దీపాలు పెట్టే వేళ, నడిరోడ్డు పక్కన. మనవాళ్ళు అలాంటివి చెయ్యరు. నేను ఒక పాత ఫోన్ విప్పి, దానికి ఏమీ కాకపోయినా, బాగుచెయ్యడం మొదలుపెట్టాను.

వేరు చెయ్యడం

ఈ కథ విన్నవాళ్ళు చాలామంది, చూశావా, ఫోన్ ఎంత మేలు చేసిందో అంటారు. నేను ఒప్పుకోను. ఆ మాట ఎప్పుడు, ఎలా, ఏ గొంతుతో చెప్పాలో ఎంచుకునే హక్కు ఆమెది. రాయపూర్ రైల్లో ఒక్కతే కూర్చుని సంపాదించుకున్న హక్కు. దాన్ని ఫోన్ తీసేసుకుని, ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగింది. ఆ ఇంట్లో ఇద్దరూ మంచివాళ్ళు కావడం అదృష్టం. అదే అకౌంట్, అదే బొత్తాం ఇంకో ఇంట్లో అయితే, ఆ సాయంత్రం నా కొట్టు ముందు వేరే కథ జరిగేది. అలాంటివీ చూశాను. అవి రాయను.

అయినా నా ఆశ్చర్యం పోలేదు. మన యాసలో గుసగుసగా అన్న మాటని పట్టుకున్న యంత్రం ఒక అద్భుతం. ఒకరికొకరు తెలియకుండా ఒకే బరువుని రెండు వైపులా ఎత్తుతున్న ఈ ఇద్దరూ ఇంకో అద్భుతం. నాకు రెండోదే పెద్దదిగా కనిపిస్తుంది. పెంచి చెప్పడం లేదు.

పిల్లలూ, మీరు చెయ్యాల్సిందల్లా ఇంతే. ‘అనుమతించు’ అని అడిగిన ప్రతిసారీ ఫోన్ గిరాకీ చేతికివ్వండి. వాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. ఒకే ఇంట్లో ఉన్నా ఎవరి అకౌంట్ వాళ్ళకి పెట్టండి. అది పెట్టడానికి ఒక టీ తాగేంత సేపు పడుతుంది, అంతే.

ఆ సాయంత్రం రమణమ్మక్కే ముందు అడిగింది.

“ఈ రెండూ వేరు చేసెయ్ తమ్ముడూ. ఆ కాల్స్ వినే గోల కూడా ఆపీ.”

“ఇంకెందుకే? అన్నీ తెలిసిపోయాయి కదా,” అన్నాడు బావ.

“తెలిసిపోయాయి కాబట్టే. నేను చెప్పాల్సింది నేను చెప్తాను. నువ్వు అడగాల్సింది నన్నడుగు.”

ఆమె పేరు మీద కొత్త అకౌంట్ తెరిచాను. ఈసారి ప్రతి ప్రశ్నా పైకి చదివాను. ఆమె లెక్కల టీచరు కదా, ఒక్కోటీ ఆలోచించి, దాదాపు అన్నిటికీ వద్దనే చెప్పింది. ఆమె మాటలు ఆమె వైపు పెట్టి, బావ ఫోన్‌లోంచి తీసేశాను. ఆ కాల్స్ సారాంశాలకి నెలనెలా డబ్బు కట్టే పథకం కూడా ఆపించేసింది. జడ పాఠం మాత్రం తీసెయ్యొద్దంది. అది బావ ఫోన్‌లోనే ఉంది. ఈ కాగితాలు చదివాక ఆమె ఒకే దిద్దుబాటు చెప్పింది. పప్పు మాడ్చాడని కూడా రాయాలట. రాశాను.

పరీక్ష ఫలితం ఏమైందని మీరు అడుగుతారు. నాకు తెలుసు. చెప్పను. అది వాళ్ళ కేసెట్.

వేరు చెయ్యడం అయ్యాక, సరిగ్గా అయిందో లేదో చూడాలి కదా. ఏం అడిగి చూద్దామా అని నేను ఆలోచిస్తుంటే బావే ఫోన్ తీసుకున్నాడు. పొద్దున్న అడిగినట్టే అడిగాడు.

“డాక్టరేటన్నాడు?”

“క్షమించండి,” అంది ఫోన్. “ఆ విషయం గురించి నా దగ్గర సమాచారం లేదు.”

బావ దాన్ని బల్ల మీద బోర్లా పెట్టాడు. పీట మీద మెల్లగా ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు.

“ఏటన్నాడే డాక్టరు?”

“ముందు టీ చెప్పించు,” అంది అక్క. “చెప్తాను.”

టీ నేనే తెస్తానని బయటికొచ్చాను. టీ కొట్టు పక్కనే ఉంది. దాన్ని దాటి, స్టేషన్ దాకా నడిచాను. రైలొకటి వెళ్ళేదాకా నిలబడి, అప్పుడు వెనక్కొచ్చి టీ తీసుకున్నాను. లోపల వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. ఇంతసేపూ ఎక్కడెక్కడ పెంచానో ఒప్పుకుంటూ వచ్చాను కదా, ఈ ఒక్కటీ నమ్మండి. నేను వినలేదు.